అడిగింది 10, వేసింది 11. అడిగింది 7, వేసింది 10

విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ సపోర్ట్ అయిపోయింది. అప్పటినుంచి నా దగ్గరికి ఫార్మాట్‌కి వచ్చే ప్రతి మెషీన్‌తోనూ ఒకటే ప్రశ్న: మళ్లీ పాతదే వెయ్యాలా, కొత్తదానికి మారాలా? వచ్చేవాళ్లు చాలావరకు జవాబు ముందే అనుకుని వస్తారు. "11 స్లో అంట కదా, 10 వేసెయ్యండి" అనేవాళ్లు కొందరు. "పాతది ఇక పనికిరాదంట, 11 వేసెయ్యండి" అనేవాళ్లు కొందరు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది. కానీ మెషీన్ చూడకుండా, దాంతో ఏం పని చేసుకుంటున్నారో అడగకుండా ఏదీ చెప్పలేం.

ఇప్పుడు రాస్తున్నది ఒకే ఇంటి నుంచి వచ్చిన రెండు కంప్యూటర్ల సంగతి. ఒకటి డిగ్రీ చదువుతున్న అమ్మాయి లాప్‌టాప్. ఇంటెల్ ఐ5-8250యూ, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10 ప్రో. ఆన్ చేస్తే డెస్క్‌టాప్ రావడానికే చాలాసేపు పడుతోంది, బ్రౌజర్ తెరిస్తే బిగుసుకుపోతోంది. రెండోది వాళ్ల నాన్నగారి డెస్క్‌టాప్. ఆయన రిటైరైన మాస్టారు. ఐ5-7400, 4 జీబీ ర్యామ్, పాత తరహా 32 బిట్ విండోస్ 10 (ఇప్పుడు మామూలుగా వేసేది 64 బిట్). దానికి యూఎస్‌బీ కేబుల్‌తో ఒక పాత నెగిటివ్ స్కానర్ తగిలించి ఉంది. ఫిల్మ్ కెమెరా రోజుల్లో తీసిన ఫొటోల నెగిటివ్‌లని మాస్టారు ఒక్కొక్కటే స్కాన్ చేసి దాస్తున్నారు.

అమ్మాయి అడిగింది: "అన్నా, విండోస్ 10నే మళ్లీ వెయ్యి. 11 వేసుకున్న మా ఫ్రెండ్స్ అందరూ స్లో అంటున్నారు." మాస్టారు ఇంకో మెట్టు వెనక్కి వెళ్లారు: "బాబూ, ఈ స్కానర్ కొన్నప్పుడు విండోస్ 7 ఉండేది. అదే హాయిగా నడిచేది. దాన్నే వేసి పెట్టకూడదూ?"

చివరికి లాప్‌టాప్‌కి 11, డెస్క్‌టాప్‌కి 10 వేశాను. ఎందుకో వివరంగా చెబుతాను.

సపోర్ట్ ఆగిందంటే ఏం ఆగినట్టు

సపోర్ట్ అయిపోయిన మర్నాడు కంప్యూటర్ ఆగిపోదు. యాక్టివేషన్ పోదు, ఫైళ్లు పోవు, ప్రోగ్రాములు తెరుచుకుంటాయి. అందుకే చాలామంది దాన్ని తేలిగ్గా తీసుకుంటారు. ఆగిపోయేది ప్రతి నెలా రెండో మంగళవారం వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్. విండోస్ 10, 11ల లోపలి కోడ్ చాలావరకు ఒకటే. 11లో ఒక లోపాన్ని సరిచేస్తూ మైక్రోసాఫ్ట్ ప్యాచ్ విడుదల చేసిందంటే, ఆ ప్యాచ్‌కి ముందూ వెనకా ఫైళ్లని పోల్చి లోపం ఎక్కడుందో పట్టుకునేవాళ్లు ఉంటారు. అదే లోపం 10లోనూ ఉంటే అక్కడ తలుపు తెరిచే ఉంటుంది. అంటే నెలలు గడిచేకొద్దీ ప్యాచ్ లేని 10 ఉన్నచోటే ఉండదు, ఇంకా బలహీనపడుతుంది. యాంటీవైరస్ ఉంది కదా అంటారు. విండోస్ 10తోనే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌కి వైరస్ గుర్తులు 2028 అక్టోబర్ దాకా వస్తాయని మైక్రోసాఫ్ట్ చెప్పింది, మంచిదే. కానీ ఓఎస్‌లో (కంప్యూటర్‌ని నడిపించే మూల ప్రోగ్రాం, ఇక్కడ విండోస్) ఉన్న కన్నాన్ని డిఫెండర్ పూడ్చదు.

అయితే విండోస్ 10కి దారి పూర్తిగా మూసుకుపోలేదు. ఈఎస్‌యూ అనే పొడిగింపు పథకంలో చేరిన ఇంటి కంప్యూటర్లకి 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. కొత్త ఫీచర్లు రావు, ముఖ్యమైన ప్యాచ్‌లు మాత్రమే. సంస్థలకి ఇంకా ఎక్కువ కాలం ఇస్తున్నారు, దాని నిబంధనలు వేరు. కాబట్టి 10 వెయ్యమని ఎవరైనా అడిగితే నేను తిరిగి అడిగేది ఒక్కటే: ఆ తేదీ తర్వాత ఈ మెషీన్‌ని ఏం చేద్దామనుకుంటున్నారు? దానికి జవాబు ఉంటే 10 వెయ్యొచ్చు. లేకపోతే కొన్ని నెలల్లో మళ్లీ ఫార్మాట్‌కి రావడమే, అప్పుడు డేటా బ్యాకప్ నుంచి అన్నీ మొదటికొస్తాయి.

లాప్‌టాప్: స్లోకి కారణం వేరే ఉంది

లాప్‌టాప్‌ తెరవగానే ముందు చూసింది ఓఎస్ కాదు, డిస్క్. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ ఎప్పుడు చూసినా 100 శాతం మీదే ఉంది, చదువుతున్న వేగం మాత్రం చాలా తక్కువ. స్మార్ట్ రీడింగ్స్ (డిస్క్ తన ఆరోగ్యం గురించి రాసుకునే లెక్కలు) తీస్తే పెండింగ్ సెక్టార్లు కనిపించాయి. అంటే డిస్క్ చదవలేక, మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తున్న చోట్లు. అలాంటి డిస్క్ మీద 10 వేసినా, 11 వేసినా, లినక్స్ (విండోస్‌కి బదులు వాడే ఇంకో ఓఎస్) వేసినా బిగుసుకుపోవాల్సిందే.

ఇలాంటప్పుడు విండోస్‌లో ఉండి ఫైళ్లు కాపీ చేసుకోవడం మంచిది కాదు. ఒక చెడ్డ సెక్టార్ దగ్గర కాపీ ఆగిపోతుంది, డిస్క్ మీద ఒత్తిడి పెరుగుతుంది. లినక్స్ లైవ్ యూఎస్‌బీతో (ఇన్‌స్టాల్ చెయ్యకుండానే లినక్స్ నడిపే పెన్ డ్రైవ్) బూట్ చేసి, డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాంతో డిస్క్ మొత్తాన్నీ ఇంకో డిస్క్‌లోకి ఇమేజ్‌గా, అంటే ఉన్నది ఉన్నట్టు నకలుగా, దించాను. అది ముందు బాగున్న భాగాలన్నీ లాగేసుకుని, మొండికేసిన సెక్టార్ల దగ్గరికి చివర్లో తిరిగి వస్తుంది. ఎక్కడిదాకా చదివిందో ఒక మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో ఆగినా మళ్లీ అక్కణ్నుంచే మొదలుపెట్టొచ్చు. అమ్మాయి ప్రాజెక్ట్ ఫోల్డర్లన్నీ వచ్చాయి. పోయిన సెక్టార్లు ఉన్నది విండోస్ ఫైళ్లలోనే.

డిస్క్ మార్చాలని తేలింది, ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని డిస్క్) పెట్టాలని తేలింది. హార్డ్ డిస్క్ చెదురుమదురుగా ఉన్న చిన్నచిన్న ఫైళ్లని సెకనుకి వంద, నూటయాభై సార్లకి మించి అందుకోలేదు. మామూలు సాటా ఎస్ఎస్‌డీ కూడా వేలల్లో అందుకుంటుంది. విండోస్ బూట్ అవడమంటే అలాంటి చిన్న ఫైళ్లు వేలకొద్దీ చదవడమే. "11 స్లో" అనే మాట వెనక చాలా ఇళ్లలో ఉన్నది హార్డ్ డిస్కో, 4 జీబీ ర్యామో. మైక్రోసాఫ్ట్ కాగితం మీద 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్ చాలంటుంది. నేనైతే 8 జీబీ, ఎస్ఎస్‌డీ లేని మెషీన్‌కి 11 వెయ్యను, వెయ్యమని ఎవరికీ చెప్పను.

అమ్మాయికి మాటలతో నచ్చజెప్పడం కంటే చూపించడం నయమనిపించింది. టెస్టింగ్‌కి పెట్టుకున్న ఎస్ఎస్‌డీల్లో ఒకదాంట్లో 10, ఇంకోదాంట్లో 11 వేసి, అదే లాప్‌టాప్‌కి మార్చి మార్చి తగిలించి చూపించాను. 11 ఖాళీగా ఉన్నప్పుడు ర్యామ్ కాస్త ఎక్కువ తీసుకుంటుంది, అది నిజమే. కానీ 8 జీబీలో బ్రౌజర్, కోడ్ ఎడిటర్, వీడియో కాల్ కలిపి నడిపినప్పుడు రెండింటికీ తేడా ఆ అమ్మాయి చెప్పలేకపోయింది. పాత హార్డ్ డిస్క్‌కీ ఎస్ఎస్‌డీకీ ఉన్న తేడా మాత్రం ఆన్ చేసిన నిమిషంలోనే చెప్పింది.

ఇక రెండో అడ్డంకి. పీసీ హెల్త్ చెక్ యాప్ నడిపితే ఈ మెషీన్ విండోస్ 11కి సరిపోదని వచ్చింది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కింద రాసిన కారణాలు చదివితే ప్రాసెసర్ మీద అభ్యంతరమేమీ లేదు. 8250యూ ఇంటెల్ 8వ తరం, 11కి మైక్రోసాఫ్ట్ ఒప్పుకున్న జాబితాలో ఉన్నదే. అభ్యంతరం సెక్యూర్ బూట్ (ఆన్ అయ్యేటప్పుడు నమ్మకమైన ప్రోగ్రామే మొదలయ్యేలా చూసేది), టీపీఎం 2.0 (రహస్య కీలు దాచే భద్రతా భాగం) మీద. సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిచి చూస్తే బయాస్ (ఆన్ చెయ్యగానే ముందు నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రాం) మోడ్ ఎదురుగా లెగసీ అని ఉంది. అంటే ఇంతకుముందు ఎవరో ఫార్మాట్ చేసినప్పుడు బయాస్‌ని పాత పద్ధతిలోకి మార్చి, డిస్క్‌ని ఎంబీఆర్‌గా (డిస్క్ విభజనల పాత పద్ధతి) చేసి విండోస్ వేశారు. లెగసీలో సెక్యూర్ బూట్ ఉండదు. టీపీఎం కూడా ఆఫ్‌లో ఉంది. మెషీన్ కొత్తదానికి తగినదే, సెట్టింగ్స్ పాతవి.

డేటా చేతికొచ్చేసింది, డిస్క్ కొత్తది, కాబట్టి ఎంబీఆర్‌ని జీపీటీగా (విభజనల కొత్త పద్ధతి) మార్చే టూల్‌తో పనే లేకపోయింది. బయాస్‌లోకి వెళ్లి బూట్ మోడ్‌ని లెగసీ నుంచి యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతికి మార్చాను. ఇంటెల్ మెషీన్లలో టీపీఎంని పీటీటీ అనే పేరుతో పెడతారు, దాన్ని ఆన్ చేశాను. ఏఎండీలో అయితే ఎఫ్‌టీపీఎం అని ఉంటుంది. సెక్యూర్ బూట్ ఆన్ చేశాను. ఖాళీ ఎస్ఎస్‌డీ పెట్టి యూఎస్‌బీ నుంచి సెటప్ మొదలుపెడితే పార్టిషన్లు జీపీటీలో వాటంతటవే వచ్చాయి.

ఎడిషన్ (విండోస్‌లో హోమ్, ప్రో అనే రకాలు) దగ్గర ఒక చిన్న విషయం బయటపడింది. లాప్‌టాప్‌లో ప్రో ఉంది, కానీ కంపెనీ వాళ్లు ఫర్మ్‌వేర్‌లో (మదర్‌బోర్డులో ఉండే ప్రోగ్రాం) పెట్టిన లైసెన్స్ కీ హోమ్‌ది. సెటప్ ఆ కీని చదువుకుని, అడక్కుండానే హోమ్ వేసింది, ఇంటర్నెట్ తగలగానే యాక్టివేట్ అయింది. విండోస్ 10 హోమ్ లైసెన్స్ 11 హోమ్‌కి చెల్లుతుంది. ముందు నడిచిన ప్రో ఎలా యాక్టివేట్ అయిందో అమ్మాయికి తెలీదు, తన దగ్గర దానికి బిల్లూ కీ ఏవీ లేవు. చదువుకునే అమ్మాయికి ఆఫీసు నెట్‌వర్క్‌లకి పనికొచ్చే డొమైన్‌తో, గ్రూప్ పాలసీతో పనేముంటుంది? నిజమైన హోమ్ చాలు.

విండోస్ 11లో వెర్షన్ 25హెచ్2 (2025 రెండో సగంలో వచ్చినది) వేశాను. 24హెచ్2, 25హెచ్2 లోపల ఒకటే. కానీ హోమ్, ప్రోలకి 24హెచ్2 సపోర్ట్ 2026 అక్టోబర్ 13న ముగుస్తుంది, 25హెచ్2కి 2027 అక్టోబర్ 12 దాకా ఉంది. కొత్తగా వేసేటప్పుడు గడువు ఎక్కువున్నది వెయ్యడమే పద్ధతి. పెన్ డ్రైవ్‌లో పాత ఐఎస్ఓ (సెటప్ మొత్తం ఉన్న ఫైల్) ఉందని అదే వేసేవాళ్లని చూస్తుంటాను, దానివల్ల ఒరిగేదేమీ లేదు.

48 అంకెల కాగితం

లాప్‌టాప్ విషయంలో నాకు నిజంగా టెన్షన్ పుట్టించేది స్పీడ్ కాదు, ఎన్‌క్రిప్షన్, అంటే కీ లేకుండా డిస్క్‌ని ఎవరూ చదవలేకుండా చెయ్యడం. 24హెచ్2 నుంచి విండోస్ 11ని కొత్తగా వేసి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే, హోమ్‌లో కూడా డివైస్ ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అవుతుంది. ఇదివరకు దీనికి హార్డ్‌వేర్ షరతులు ఎక్కువ ఉండేవి కాబట్టి ఇలాంటి పాత లాప్‌టాప్‌ల జోలికి అది వచ్చేది కాదు. ఇప్పుడు ఆ షరతులు సడలించారు. లాప్‌టాప్ ఎవరైనా ఎత్తుకుపోతే ఫైళ్లు వాళ్ల చేతికి చిక్కవు, అది మంచిదే. కానీ మదర్‌బోర్డు మారినా, బయాస్ సెట్టింగ్స్ చెదిరినా ఒక నీలం తెర వచ్చి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. కీ లేకపోతే డేటా ఇక లేనట్టే. నేనే కాదు, ఎవరూ తియ్యలేరు.

ఆ కీ సెటప్‌లో వాడిన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్తుంది. ఈ అమ్మాయికి రెండు అకౌంట్లు ఉన్నాయి. ఒకటి ఎప్పుడో ఫోన్ నంబర్‌తో తెరిచింది, ఆ నంబర్ ఇప్పుడు లేదు. ఇంకోటి ఈమెయిల్‌తో రోజూ వాడేది. సెటప్ మధ్యలో అలవాటుగా మొదటిదే టైప్ చెయ్యబోతుంటే ఆపి, రెండోదానితో లాగిన్ చేయించాను. ఇన్‌స్టాల్ అయ్యాక తన ఫోన్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్ పేజీ తెరిపించి, డివైస్‌ల కింద రికవరీ కీ ఉందో లేదో తన కళ్లతో చూడమన్నాను. కీ ఐడీ లాప్‌టాప్‌లో ఉన్నదానితో సరిపోయింది. తర్వాత ఆ 48 అంకెల్ని కాగితం మీద రాయించి మాస్టారి బీరువాలో పెట్టమన్నాను. లాప్‌టాప్ బ్యాగులో మాత్రం పెట్టొద్దన్నాను, బ్యాగుతో సహా పోతే రెండూ పోతాయి. కొత్త విండోస్ వేసి ఇచ్చేవాళ్లు ఈ ఒక్క పనీ చెయ్యకుండా మెషీన్ అప్పగించకూడదని నా గట్టి అభిప్రాయం.

డెస్క్‌టాప్: స్కానర్ ఒప్పుకుంటేనే

మాస్టారి డెస్క్‌టాప్ ఫార్మాట్‌కి రావడానికి కారణం వేరు. మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది, ఈ నంబర్‌కి ఫోన్ చెయ్యండి అని బ్రౌజర్ నిండా ఒక హెచ్చరిక వచ్చింది. ఆయన ఫోన్ చేశారు. అవతలివాడు రిమోట్ ప్రోగ్రాం వేయించి చాలాసేపు కంప్యూటర్‌లో తిరిగాడు. డబ్బు అడిగేసరికి మాస్టారికి అనుమానం వచ్చి ప్లగ్గు పీకేశారు. తెలియనివాడు లోపల తిరిగిన మెషీన్‌ని తుడిచి శుభ్రం చేశానని నేను చెప్పలేను. అన్నీ చెరిపి కొత్తగా వెయ్యాల్సిందే. పాస్‌వర్డ్‌లన్నీ అప్పటికప్పుడు కూతురి ఫోన్ నుంచి మార్పించాను.

ముందు విండోస్ 7 సంగతి. మాస్టారి కోరికలో అర్థముంది, స్కానర్ దాని కాలందే. కానీ విండోస్ 7 సపోర్ట్ 2020 జనవరి 14నే ముగిసింది. సంస్థలకి డబ్బు తీసుకుని ఇచ్చిన పొడిగింపు కూడా 2023 జనవరి 10తో అయిపోయింది. క్రోమ్ దానికోసం 109వ వెర్షన్ దగ్గరే ఆగిపోయింది. ఇవన్నీ పక్కనపెట్టినా ఈ బోర్డు మీద 7 వెయ్యడమే ఒక యుద్ధం. ఆ తరం ఇంటెల్ చిప్‌సెట్లలో పాత యూఎస్‌బీ 2 కంట్రోలర్ తీసేశారు, విండోస్ 7 సెటప్‌లో యూఎస్‌బీ 3 డ్రైవర్ (పరికరాన్ని నడిపే ప్రోగ్రాం) లేదు. సెటప్ తెర వస్తుంది, కీబోర్డూ మౌసూ పనిచెయ్యవు. డ్రైవర్లు ఐఎస్ఓలో కలిపి ఎలాగో వేసినా, 7వ తరం ప్రాసెసర్ గ్రాఫిక్స్‌కి ఇంటెల్ విండోస్ 7 డ్రైవర్ ఇవ్వలేదు. ఆ ప్రాసెసర్ల మీద 7కి అప్‌డేట్లు రాకుండా మైక్రోసాఫ్టే అడ్డుకట్ట వేసింది. ఇదంతా చెప్పాక మాస్టారు ఇక 7 ఊసెత్తలేదు.

11 ఎందుకు కాదు? ప్రాసెసర్ 7వ తరం, జాబితాలో లేదు. రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగ్స్ దాచుకునే చోటు) ఒక విలువ మార్చో, రూఫస్ అనే ప్రోగ్రాంతో యూఎస్‌బీ చేసేటప్పుడు తనిఖీలు తీయించో వేసేయొచ్చు. వేస్తే నడుస్తుంది కూడా. కానీ అలా వేసినవాటికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ ముందే చెప్పేసింది, ఏడాదికోసారి వచ్చే పెద్ద వెర్షన్‌ని ప్రతిసారీ చేత్తో వెయ్యాల్సి వస్తుంది. 24హెచ్2 వచ్చినప్పుడు పాప్‌కౌంట్ అనే ఇన్‌స్ట్రక్షన్ లేని బాగా పాత ప్రాసెసర్లు అసలు బూటే కాకుండా పోయాయి. 7వ తరానికి ఆ బెడద లేదు, కానీ జాబితా బయట ఉన్నవాళ్ల పరిస్థితి ఎప్పుడైనా మారొచ్చని అది చూపించింది. సొంతంగా చూసుకోగలిగినవాళ్లకైతే నేనూ అలా వేసిస్తాను. మాస్టారికి కాదు.

అసలు ఇదంతా ఇక్కడ రెండో మాట. మొదటి మాట స్కానర్‌ది. ఆ స్కానర్‌కి కంపెనీ ఇచ్చిన డ్రైవర్ 32 బిట్ మాత్రమే. మామూలు 32 బిట్ ప్రోగ్రాములు 64 బిట్ విండోస్‌లో నడుస్తాయి, డ్రైవర్లు నడవవు. డ్రైవర్ కెర్నెల్ (ఓఎస్ గుండెకాయ) లోపలికి వెళ్లే కోడ్ కాబట్టి కెర్నెల్ ఎంత బిట్లదైతే డ్రైవర్ కూడా అంతే ఉండాలి. విండోస్ 11 వస్తున్నదే 64 బిట్‌లో, దానికి 32 బిట్ రూపం లేదు. విండోస్ 10కి ఉంది. అందుకే ఈ డెస్క్‌టాప్‌లో ఇన్నాళ్లూ 32 బిట్ 10 ఉంది.

అంతటితో వదల్లేదు. టెస్టింగ్ ఎస్ఎస్‌డీలో 64 బిట్ విండోస్ వేసి వ్యూస్కాన్ అనే స్కానింగ్ ప్రోగ్రాం ప్రయత్నించాను. అది చాలా పాత స్కానర్లని తన సొంత డ్రైవర్‌తో నడిపిస్తుంది, ఎవరిదైనా స్కానర్ మూలపడిందంటే నేను మొదట చెప్పే పేరు అదే. ఈ మోడల్‌కి మాత్రం అదీ కంపెనీ డ్రైవర్‌నే అడిగింది. లినక్స్‌లో స్కానర్లు నడిపే సేన్ జాబితాలో ఈ మోడల్ పేరు లేదు. చివరికి 64 బిట్ విండోస్ మీద వర్చువల్‌బాక్స్‌లో (ఒక కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ని నడిపే ప్రోగ్రాం) 32 బిట్ విండోస్ 10 పెట్టి, స్కానర్‌ని యూఎస్‌బీ ద్వారా లోపలికి ఇచ్చాను. ప్రివ్యూ వచ్చింది, ఆశ కలిగింది. 2400 డీపీఐలో (అంగుళానికి 2400 చుక్కలు) అసలు స్కాన్ మొదలుపెడితే మధ్యలో కనెక్షన్ తెగిపోయేది. 35 ఎంఎం నెగిటివ్‌ని ఆ రిజల్యూషన్‌లో తీస్తే సుమారు 3,400 అడ్డం, 2,270 నిలువు పిక్సెళ్లు, 24 బిట్ రంగులో దాదాపు 23 మెగాబైట్లు. అంత డేటా ఒక పాత యూఎస్‌బీ పరికరం నుంచి వర్చువల్ మెషీన్ గుండా నిలకడగా రావాలి. రాలేదు.

ఇంకో స్కానర్ కొనొచ్చు కదా అని అడిగాను. మాస్టారు సూటిగా చెప్పారు: "ఇప్పటికి సగానికి పైగా అయిపోయాయి బాబూ. దీని రంగులకి నా కన్ను అలవాటు పడింది. మిగతావి ఇంకోదాంతో తీస్తే తేడా తెలిసిపోతుంది." ఆ పని చేస్తున్నది ఆయన, ఆ మాటకి విలువ ఇవ్వాలి. కాబట్టి స్కానర్ మారదు. స్కానర్ మారకపోతే 32 బిట్ మారదు. 32 బిట్ మారకపోతే ఓఎస్ 10 తప్ప ఇంకోటి కాదు. ఇక తేల్చుకోవాల్సింది, ఆ 10ని ఎంత జాగ్రత్తగా బతికించాలన్నదే.

మధ్యలో ఒక మాట. విండోస్ 10 ఎల్‌టీఎస్‌సీ (ఎక్కువ కాలం సపోర్ట్ ఉండే ప్రత్యేక ఎడిషన్) వేస్తే చాలా ఏళ్లు అప్‌డేట్లు వస్తాయి కదా అని కొందరు అడుగుతుంటారు. నిజమే, ఐఓటీ ఎంటర్‌ప్రైజ్ ఎల్‌టీఎస్‌సీ 2021కి 2032 జనవరి 13 దాకా ఉంది. కానీ అది సంస్థలకీ, పరికరాలు తయారుచేసేవాళ్లకీ ఇచ్చే లైసెన్స్. ఇంటి కంప్యూటర్‌కి ఎక్కడో చౌకగా దొరికే కీతో వెయ్యడం నేను చెయ్యను.

32 బిట్ వెయ్యడంలో మెలికలు

ఫార్మాట్ కొట్టే ముందే చెయ్యాల్సిన పని డ్రైవర్లు బయటికి తీసుకోవడం. స్కానర్ కంపెనీ సైట్‌లో ఆ మోడల్ పేజీ ఇప్పుడు లేదు. పాత విండోస్‌లోంచి పీఎన్‌పీయుటిల్ అనే విండోస్ టూల్‌తో డ్రైవర్లన్నీ ఒక ఫోల్డర్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేశాను. స్కానింగ్ ప్రోగ్రాం మాత్రం అలా రాదు, దానికి సెటప్ కావాలి. అదృష్టం కొద్దీ మాస్టారు ఒరిజినల్ సీడీ పారెయ్యలేదు. దాన్ని వెంటనే ఐఎస్ఓ ఫైల్‌గా చేసి, వేర్వేరు చోట్ల దాచాను. తెలియనివాడు తిరిగిన మెషీన్ కాబట్టి ఎక్స్‌పోర్ట్ చేసిన వాటిలో డిజిటల్ సంతకం సరిగా ఉన్న డ్రైవర్లనే మళ్లీ వాడాను, ఫొటోలు తప్ప ఇంకే ఫైళ్లూ వెనక్కి తేలేదు.

విండోస్ యూఎస్‌బీ తయారుచేసే మీడియా క్రియేషన్ టూల్‌లో, ఈ పీసీకి సిఫారసు చేసిన ఆప్షన్లే వాడమనే చోట ముందే టిక్ అయి ఉంటుంది. ఆ టిక్ తీసేస్తే 32 బిట్ ఎంచుకునే వీలొస్తుంది. తర్వాత బయాస్. లాప్‌టాప్‌లో లెగసీ నుంచి యూఈఎఫ్ఐకి మార్చాను, ఇక్కడ సరిగ్గా తిరగేసి చెయ్యాలి. 64 బిట్ యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ 32 బిట్ విండోస్‌ని బూట్ చెయ్యదు. సీఎస్ఎం (పాత పద్ధతి బూట్‌ని అనుమతించే సెట్టింగ్) ఆన్ చేసి, లెగసీ పద్ధతిలో, ఎంబీఆర్ డిస్క్ మీద వెయ్యాలి. సెక్యూర్ బూట్ ఉండదు. ఆ నష్టం తెలిసే ఒప్పుకున్నాం. లైసెన్స్‌కి ఇబ్బంది రాలేదు. ఎడిషన్ ఒకటే కాబట్టి నెట్ తగలగానే పాత డిజిటల్ లైసెన్స్‌ని గుర్తుపట్టింది.

ఈఎస్‌యూలో చేరడం సులువే, కానీ వరస తప్పితే దారి కనిపించదు. కొత్తగా వేసిన 22హెచ్2లో (విండోస్ 10 చివరి వెర్షన్) విండోస్ అప్‌డేట్ పేజీ తెరిస్తే చేరమనే లింకే ఉండదు. ముందు ఉన్న అప్‌డేట్లన్నీ పడాలి, తర్వాత అడ్మిన్ అధికారం ఉన్న మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అవ్వాలి, అప్పుడు వస్తుంది. సెట్టింగ్స్ బ్యాకప్ సింక్ ఆన్ చేసే మార్గంలో చేర్చాను. ఆ అడ్మిన్ అకౌంట్ అమ్మాయి చేతిలో ఉంటుంది. నెలకోసారి తనే లాగిన్ అయి అప్‌డేట్లు పడ్డాయో లేదో చూస్తుంది. మాస్టారికి రోజువారీ వాడకానికి అడ్మిన్ అధికారం లేని మామూలు అకౌంట్ పెట్టాను. మళ్లీ ఎవడైనా ఫోన్‌లో ఏదో వెయ్యమంటే పాస్‌వర్డ్ అడుగుతుంది, ఆ పాస్‌వర్డ్ ఆయన దగ్గర ఉండదు. ఇది ఆయనే కోరిన ఏర్పాటు.

మెయిల్, బ్యాంక్ పనులు డెస్క్‌టాప్‌లో ఇక చెయ్యరు. వాటికి కూతురి లాప్‌టాప్‌లో మాస్టారి పేరుతో వేరే లాగిన్ పెట్టాను. స్కాన్ చేసిన ఫొటోలు వారానికోసారి ఎక్స్‌టర్నల్ డిస్క్ మీదికి, అక్కణ్నుంచి లాప్‌టాప్‌లోకి వెళ్తాయి. దాంతో బ్యాకప్ కూడా ఉన్నట్టే.

తర్వాత ఎలా నడుస్తోంది

లాప్‌టాప్ గురించి అమ్మాయి నుంచి వచ్చిన ఫిర్యాదులు స్పీడ్ మీద కాదు. స్టార్ట్ బటన్ మధ్యలో ఉండటం నచ్చలేదు, టాస్క్‌బార్ సెట్టింగ్స్‌లో ఎడమవైపుకి మార్చుకుంది. రైట్ క్లిక్ చేస్తే పాత మెనూ ఇంకో క్లిక్ లోపల ఉండటం ఇప్పటికీ చిరాకే, దానికి షిఫ్ట్ పట్టుకుని రైట్ క్లిక్ చెయ్యమన్నాను. టచ్‌ప్యాడ్ మొదట్లో మూడు వేళ్ల కదలికలు గుర్తించలేదు, లాప్‌టాప్ కంపెనీ ఇచ్చిన సీరియల్ ఐఓ డ్రైవర్ వేస్తే సర్దుకుంది.

డెస్క్‌టాప్ 4 జీబీలో స్కానింగ్ ప్రోగ్రాం ఒక్కటే నడుస్తుంది కాబట్టి తేలిగ్గానే ఉంది. కేబినెట్ మీద ఒక కాగితం అతికించి వచ్చాను: 2026 అక్టోబర్ 13 దాటాక నెట్ కేబుల్ తీసెయ్యాలి, వైఫై డాంగిల్ పెట్టకూడదు, ఫొటోలు ఎక్స్‌టర్నల్ డిస్క్ మీదే బయటికి రావాలి. నెట్ లేకపోయినా స్కానర్ నడుస్తుంది, యాక్టివేషన్ ఉంటుంది. మిగిలిన నెగిటివ్‌లు ఆలోపే పూర్తవుతాయని మాస్టారి లెక్క. పూర్తయితేనో, స్కానర్ మోటార్ ముందే ఆగిపోతేనో ఆ మెషీన్‌ని 32 బిట్‌కి కట్టేసే కారణం ఉండదు. అప్పుడు 4 జీబీ ర్యామ్ కలిపి, ఒక ఎస్ఎస్‌డీ పెట్టి 64 బిట్ లినక్స్ వేద్దామని అనుకున్నాం. ఆయన చూసుకునేది ఫొటోలు, వార్తలు, పాటలు. వాటికి అది చాలు.